భాగ్య పెట్టిన ప్రస్థానం

దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఆబిడ్స్‌లో ఒక సందులో నాకు చిన్న కళ్లద్దాల షాపు ఉంది. ఎవరైనా వచ్చి ఏదో నీడ కనబడిందంటే ముందు వాళ్ల కళ్లు పరీక్ష చేయించమనే రకం మనిషిని. కాబట్టి ఇది చదివి నాకు మతి పోయిందనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. గాలి ఇటు తిరిగిందంటే బండ్ల అనౌన్స్‌మెంట్ మా వంటింట్లోకి వినబడుతుంది. నా భార్య భాగ్య పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ గొంతు వింటూనే వంట చేసింది. అందులో విశాఖపట్నం పేరు వస్తే గరిటె ఆపి మరీ వినేది.

ఆమె సముద్రం చూడలేదు. నలభై దాటినా యాదగిరిగుట్ట, వేములవాడ తప్ప ఎక్కడికీ పోలేదు. మాకు పిల్లల్లేరు, ఇద్దరమే. "ట్యాంక్‌బండ్ చూశావు కదా, అదే ఇంకొంచెం పెద్దగా ఉంటుంది" అని నేను ఏడిపించేవాణ్ణి. ఆమె మూతి ముడుచుకునేది కాని, కోరిక మాత్రం వదల్లేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

పోయిన వేసవిలో మూడు రోజులు వైజాగ్ పోదామని నిర్ణయించాం. నేను కైలాసగిరి, రోప్‌వే, సబ్‌మెరైన్, వీలైతే అరకు అన్నాను. ఆమె ప్లాన్ వేరు. మొదటి రోజు సముద్రం, రెండో రోజు సముద్రం, మూడో రోజు పొద్దున సింహాచలం, సాయంత్రం మళ్లీ సముద్రం. అరకు గురించి నేను ఎంత చెప్పినా, గుట్టలు మన దగ్గర లేవా అంది.

నీళ్లలో దిగడానికని ఆబిడ్స్‌లో ఒక చిలకపచ్చ సిల్కు చీర కొంది. సిల్కంటే అసలు పట్టు కాదు, ఉతికితే పాడయ్యే భయం లేని మామూలు రకం. ఫాల్ కుట్టించి, ఒక్కసారి కూడా కట్టకుండా, కుట్టినవాళ్లు పెట్టిన మడత విప్పకుండా దాచింది.

చిక్కంతా టికెట్ల దగ్గర వచ్చింది. సెలవుల రద్దీలో శనివారం సాయంత్రం బండికే దొరికాయి. శనివారం తూర్పుకు శూల, ఆ రోజు అటువైపు ప్రయాణం పెట్టుకోరు. వైజాగ్ తూర్పే. నేను నవ్వాను.

"మీరు నవ్వుండ్రి. శూల నాడు పోతె పోయిన పని కాదు. గురువారం మంచిగున్నది, పరస్తానం పెడ్త" అంది భాగ్య.

ఈ ఆచారం తెలియనివాళ్ల కోసం చెప్తాను. వెళ్లాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందు మంచి రోజున ప్రయాణం చేసేవాళ్ల బట్టలు ఒక సంచిలో సర్ది, దారిలో ఉన్న వేరేవాళ్ల ఇంట్లో పెడతారు. అదే ప్రస్థానం. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తరవాత ఏ రోజైనా బయల్దేరి, పోతూపోతూ సంచి తీసుకోవచ్చు.

పక్క గల్లీలో, స్టేషన్‌కు పోయే దారిలోనే అంజమ్మ పెద్దమ్మ ఉంటుంది. చుట్టం కాదు, మా అమ్మ స్నేహితురాలు. బడిలో టీచరుగా చేసి రిటైరైంది, ఒంటరిది. గురువారం పొద్దున భాగ్య తన పచ్చ చీర, నా తెల్లచొక్కా ఒకటి సంచిలో పెట్టింది. ఇద్దరం పోతున్నాం కాబట్టి ఇద్దరి బట్టలూ ఉండాలట. జిప్పుకు చిన్న తాళం వేసి, తాళంచెవి నా షాపు గుత్తిలో గుచ్చింది. "నా దగ్గరుంటే పారేస్కుంట" అంది. నా కళ్లముందే పెద్దమ్మ ఆ సంచిని బీరువా మీద పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. గుండెలో బరువుగా ఉందంది భాగ్య. నేను షాపు మూయకుండానే పరుగెత్తాను. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని, "రేపటికి తగ్గుతదిలెండ్రి" అంది. దవాఖానకు చేరేసరికి ఆమె లేదు.

శనివారం సాయంత్రం శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, తడి తలతో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇంటినిండా మనుషులున్నారు. ఆ సమయానికే గాలి ఇటు తిరిగింది. విశాఖపట్నం బండి ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చిందని చెప్తున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. నేనొక్కణ్ణే విన్నాను. అంత ఏడుపు నా జన్మలో ఏడవలేదు.

దినాలు అయ్యాక సంచి సంగతి గుర్తొచ్చి పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఇవ్వలేదు. "పరస్తానం పెట్టిన సంచి ప్రయాణం గాకుంట మల్ల ఇంటి గడప దాటొద్దు బిడ్డా. గీడనే ఉండనీ" అంది. వాదించే ఓపిక నాకు లేదు, ఊరుకున్నాను.

ఆ తరవాత నన్ను ఒకటే మాట తొలిచింది. సముద్రం చూడకుండానే పోయింది. షాపులో ఎవరి కళ్లకో అద్దం పెట్టి "కనబడుతోందా" అని అడుగుతుంటే కూడా అదే గుర్తొచ్చేది. తిండి సయించలేదు. చివరికి వానలు తగ్గాక, ఒక్కణ్ణే వైజాగ్ పోయి, ఆ చీరనైనా నీళ్లలో తడిపి తెద్దామని టికెట్ తీసుకున్నాను.

బయల్దేరాల్సిన రోజు పొద్దున పెద్దమ్మ ఇంటికి పోయాను. సంచి బీరువా మీదే ఉంది, తాళం వేసినట్టే ఉంది. ఆమె దాన్ని దించుతూ ఒక మాట చెప్పింది.

"నీకు చెప్పాల్నా వద్దా అనుకున్న బిడ్డా. భాగ్యను తీస్కపోయిన తెల్లారి, ఐతారం, నేను దినమంత మీ ఇంట్లనే ఉంటి. మాపటికి వచ్చి తాళం తీస్తె సంచి తలుపుకాడ ఉన్నది, కింద. ఎవరన్న తెచ్చి దించినట్టు. నేనే దించి మర్చిపోయిన్నేమో అనుకొని మల్ల పైన పెట్టిన."

ఆదివారం అంటే, మేం పోయుంటే వైజాగ్‌లో దిగే రోజు. అయినా నేను పట్టించుకోలేదు. వయసు మీదపడ్డ మనిషి, మరుపు సహజమే అనుకున్నాను.

అక్కడే వరండాలో కూర్చుని, గుత్తిలోంచి తాళంచెవి తీసి సంచి తెరిచాను.

పచ్చ చీర పైనే ఉంది. కాని అది ఫాల్ కుట్టినవాళ్ల మడత కాదు. భాగ్య కొంగు లోపలికి పెట్టి మడత పెడుతుంది, వేరే ఎవరూ అలా పెట్టగా నేను చూడలేదు. చీర ఆ మడతలో ఉంది. విప్పాను. నడుం దగ్గర కట్టి విడిచినట్టు ముడతలున్నాయి. కింద అంచు, ఫాల్ కుట్టిన మేర, అట్టలాగా గట్టిపడి తెల్లటి చారలు కట్టింది. ఏమనుకున్నానో నాకే తెలియదు, ఆ అంచు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

ఆ ఉప్పు నా కన్నీళ్లదేనని మీరనవచ్చు. నేను కూడా అదే అనుకున్నాను. పెద్దమ్మకు ఇచ్చాను. ఆమె వేలితో రుద్ది నాలుక మీద పెట్టుకుని, "ఉప్పే బిడ్డా" అంది. వానాకాలపు చెమ్మ అనుకుందామా అంటే సంచి పొడిగా ఉంది. ఇసుక కోసం చీరంతా దులిపాను. ఒక్క రేణువు రాలలేదు. భాగ్య ఏ చీరైనా బాగా దులపందే మడత పెట్టదు.

దాని కింద నా తెల్లచొక్కా ఉంది. ఇస్త్రీ మడత చెదరలేదు. కాలరు కూడా కాగితంలా నిలబడే ఉంది.

"చీర తీస్కపో బిడ్డా. దాని ప్రయాణం అయింది, ఇగ ఇంటికి రావొచ్చు" అంది పెద్దమ్మ. కొంచెం ఆగి, చొక్కా మళ్లీ సంచిలో పెట్టింది. "ఇది మాత్రం గీడనే ఉండనీ. ఇది పోలే గదా."

నేనా మాటకు నవ్వాల్సిన మనిషిని. నవ్వలేదు. చీరను రెండు చేతుల మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాను, గడప దాటేటప్పుడు కుడికాలు ముందు పెట్టాను. టికెట్ రద్దు చేసుకున్నాను. చీరను ఉతకలేదు.

తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంది. ఇంతకంటే నాకేమీ తెలియదు. ఆమె సముద్రం చూసిందనే అనుకుంటున్నాను. అలా అనుకున్న రాత్రి నిద్రపడుతుంది. కాని ఇద్దరికీ కలిపి ప్రస్థానం పెట్టిన మనిషి ఒక్కతే ఎట్లా పోయిందో, నన్నెందుకు పిలవలేదో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడూ సాయంత్రం బండి అనౌన్స్‌మెంట్ వినబడితే, పొయ్యి మీద ఏదున్నా నేను గరిటె ఆపుతాను. నా చొక్కా ఇంకా పెద్దమ్మ బీరువా మీదే ఉంది.