గొంతు వచ్చిన సంగతి దాచాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నోరు విప్పకుండా ఆడిన అబద్ధం. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది మండపేట. రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. ఆ హోరులో అరిచి అరిచి ఇంట్లోనూ అలాగే మాట్లాడేవాణ్ణి. నిద్రలో మాత్రం గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. నా భార్య వరలక్ష్మి తట్టి లేపితే మళ్లీ ఆడేది. చివరికి కాకినాడలో ఆపరేషన్ చేసి టాన్సిల్స్, కొండనాలుక తీసేశారు. వారం రోజులు మాట్లాడొద్దన్నారు డాక్టరు గారు.

గుటక వేస్తే ప్రాణం పోయేది. మజ్జిగ తాగితే ముక్కులోంచి వచ్చేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. అయినా ఆ నిద్ర! నన్ను కాపలా కాసే పని తప్పి, ఆమె కూడా తెల్లారేదాకా పడుకునేది.

వారం దాటాక ఒక పొద్దున పెరట్లో "అమ్మా" అని చూశాను. గొంతు పలికింది! వంటింట్లోకి పరిగెత్తాను. నన్ను చూడగానే ఆమె ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు కాలవ ఈది, అవతలి గట్టు మీద జామకాయలు దొంగిలించేదట. వరలక్ష్మికి ఈతొచ్చా? ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియదు. నేను నోరు మూస్తే కదా తెలిసేది! "ఇంకా మాట రావట్లేదాండీ?" అంది. తల అడ్డంగా ఊపాను.

ఆ ఒక్క పూటకే అనుకున్నాను. మర్నాడు ఇంకో కబురు, ఆ మర్నాడు ఇంకోటి. ఆమె కబుర్ల కోసమేనా, చేతికందే చల్లటి జావ కోసం కూడానా? రెండూనేమో.

ఒక సాయంత్రం కళ్లొత్తుకుంటూ వచ్చింది.

"ఏవండీ, అన్నవరం మొక్కుకున్నానండి. మీకు మాటొస్తే మెట్లెక్కి వస్తానని."

అసలే మోకాళ్ల నొప్పుల మనిషి. ఆగలేక నోరు జారాను.

"మెట్లెందుకే, బస్సుంది కదా!"

బిత్తరపోయింది. పకపకా నవ్వింది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "మొక్కగానే పలికించాడండీ స్వామి!"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. కాదు, భయపడ్డాను.

మెట్లన్నీ ఎక్కింది. మధ్యమధ్య కూలబడి మోకాళ్లు నొక్కుకుంటూ, దారంతా కబుర్లు చెబుతూ. పైన వ్రతం చేయించుకుని, కనిపించిన వాళ్లందరికీ స్వామి మహిమ చెప్పింది. ఇప్పటికీ చెబుతుంది. నేను పక్కన కూర్చుని తలూపుతాను.

తప్పే. ఆమెకే చెప్పనివాణ్ణి, క్షమించమని మిమ్మల్నెలా అడుగుతాను? ఆ మూగ రోజుల్లో ఉన్నంత సంతోషంగా నేనెప్పుడూ లేనన్నది కూడా నిజమే. గొంతు వచ్చింది, రాలేదన్నాను. చెప్పేశాను. హాయిగా ఉంది.