దమ్ము అన్నందుకు

మా వైపు ఊపిరాడని జబ్బును దమ్ము అంటారు. మా అమ్మకు ఉన్నది అదే. కాశిబుగ్గలో మా ఇంట్లో నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నూలు దుమ్ము ఏళ్ల తరబడి ముక్కులోకి పోయి పోయి, చలికాలం వచ్చిందంటే ఆమె గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది.

డెబ్బైల చివరి ఏళ్లవి. నేను పదో తరగతి అయిపోయి ఇంట్లోనే ఉన్నాను. ప్రైవేటు డాక్టరు మాట మా ఇంట్లో ఎత్తేవాళ్లు లేరు. నేనే పోరి పోరి ఆమెను సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. చీటీకి ఒక లైను, డాక్టరుకు ఇంకో లైను. లైను కొంచెం వంకర పోతే చాలు, వార్డుబాయ్ అదిలించేవాడు. సంతలో గొడ్లను కూడా అట్లా అదిలించరు. అమ్మ మాత్రం కొంగు నిండుగా కప్పుకొని, పేరంటానికి వచ్చినట్టు ఒద్దికగా నిలబడింది.

డాక్టరు కుర్రవాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చాడని మాటలోనే తెలుస్తోంది. అతని చుట్టూ డాక్టరీ చదివే పిల్లలు.

"ఏమిటే నీ గోల?" అన్నాడు. అతనికి తల్లి వయసు మా అమ్మది.

"దమ్మొస్తాంది సారూ," అంది అమ్మ.

అతను పెన్ను కింద పెట్టాడు. "మా ఊళ్లో దమ్ము పొలానికి చేస్తారు. మరి ఎడ్లను తోలుకొచ్చావా?"

నాట్లకు ముందు మడిలో నీళ్లు పెట్టి దున్నడాన్ని అక్కడ దమ్ము చేయడం అంటారట. అది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ గదిలో వాళ్లకు మాత్రం తెలుసు కాబోలు, పగలబడి నవ్వారు. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్ద చదువుల వాళ్లు నవ్వుతుంటే మూతి బిగించుకుని ఉంటే బాగుండదని, పిచ్చిది, తనూ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు దమ్మయింది. అతను చీటీ మీద ఏదో గీకి తోశాడు. సీసాలో ఎర్రనీళ్ల మందు పోసి పంపించారు.

దారిలో అమ్మ నన్ను మెల్లగా అడిగింది: "నేనేమన్న బూతుమాట అన్ననా బిడ్డా?"

లేదమ్మా అన్నాను. వాళ్ల నోట్లో మన్నుపడ, ఇంకేం చెప్పను?

ఆ తర్వాత ఆమె దవాఖాన గడప తొక్కనంది. చస్తే ఇంట్లోనే చస్తాను గానీ నవ్వులపాలు కానంది. నోట్లో నాలుక లేని మనిషి, ఈ ఒక్క విషయంలో మొండికేసింది. నాన్న చెప్పి చూశాడు, వాడకట్టు వాళ్లు చెప్పి చూశారు. మళ్లీ చలికాలం వచ్చేసరికి రాట్నం తిప్పే సత్తువ పోయింది. నాలుగు మాటలు చెప్పాలంటే నడుమ రెండుసార్లు ఆగేది. కళ్ల ముందు తల్లి కరిగిపోతుంటే ఏం చేయాలి? అన్నం ముట్టనని నేను కూర్చుంటే అప్పుడు దిగి వచ్చింది. ఒక్కటే అడిగింది, ఆ జబ్బును వాళ్లు ఏమంటారో నేర్పమంది.

పుస్తకాల్లో చదివిన మాట చెప్పాను, ఆయాసం అని. మొదట "ఆయసం" అనేది. నేను దిద్దేదాన్ని. రెండు మూడు రోజులు పొయ్యి దగ్గర, వాకిట్లో, బడిపిల్లలాగా అదే వల్లె వేసుకుంది. ఊపిరి లేని మనిషి ఉన్న కాస్త ఊపిరినీ ఆ మాటకే పెట్టింది. నాకు ఏడుపొచ్చి అవతలికి పోయేదాన్ని.

ఈసారి డాక్టరు గది పై అంతస్తులో ఉంది. ఆగి ఆగి ఎక్కాం. కూర్చున్నది అదే డాక్టరు. మమ్మల్ని గుర్తుపట్టలేదు, తల కూడా ఎత్తలేదు. అమ్మ బల్ల అంచు పట్టుకుని, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పింది.

"ఆయాసంగా ఉంది సార్."

"మెట్లెక్కి వచ్చావుగా, ఉండదా మరి? బయట బెంచీ మీద కూర్చో. తగ్గాక రా."

అది మెట్ల ఆయాసం కాదని నేను చెప్పబోయాను. సార్ చెప్పింది వినబడలేదా అని నర్సు నా భుజం పట్టి బయటికి నెట్టింది. వెనక ఉన్నవాళ్లు అప్పటికే మమ్మల్ని దాటి లోపలికి పోతున్నారు.

బెంచీ మీద అమ్మ పెదవులు నీలంగా మారాయి. కానీ ముఖంలో ఏదో గెలుపు. ఏడాదిగా ఆ ముఖం నేను చూడలేదు. నా మణికట్టు పట్టుకుంది.

"నవ్వలే... సూసినవా బిడ్డా... ఇయ్యాల ఒక్కలు గూడ నవ్వలే."

అంటూనే నా మీదికి ఒరిగింది. ఆమెను బెంచీ మీద పడుకోబెట్టి లోపలికి దూసుకుపోయాను. మా అమ్మ చస్తోందని అరిచాను, డాక్టరు చొక్కా పట్టుకుని గుంజుకొచ్చాను. అతను వంగి చూశాడు. మెడలో గొట్టం తీసి అమ్మ ఛాతీ మీద పెట్టాడు. ఇటు జరిపి పెట్టాడు, అటు జరిపి పెట్టాడు, అందరినీ మాట్లాడొద్దన్నాడు. అతని చెయ్యి మా అమ్మ మీద పడడం అదే మొదలు. అప్పటికి వినడానికి లోపల ఏమీ లేదు.