ఇంజను మూత మీద సున్నపు గీత

చిత్తూరులో నేను పని నేర్చుకున్న షెడ్డులో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. కొత్తగా చేరినవాడు తొందరపడితే, "నాదముని మేస్త్రీ చెయ్యే ఒకసారి తప్పింది, నువ్వెంత" అంటారు. పోయిన నెల ఏదో పని మీద అక్కడికి వెళ్లినప్పుడు నా ముందే అన్నారు. టీ తాగుతూ విన్నాను. అందరితో పాటు నవ్వాను కూడా.

ఆ మాట అబద్ధం. నాదముని మేస్త్రీ చెయ్యి తప్పలేదు. ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పదకొండేళ్లుగా దీన్ని మోస్తున్నాను. నేను కూడా పోతే ఆ అబద్ధమే ఆయన పేరుకు అంటుకుని మిగిలిపోతుంది. అందుకే రాసిపెట్టాలి. మీరెవరో నాకు తెలియదు. తెలిసిన మొహం చూస్తూ చెప్పాలని వెళ్లి, నోరు పెగలక తిరిగి వచ్చినవాణ్ని నేను. ఈసారి మధ్యలో లేవను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కానీ షెడ్డులో పని ముగియగానే చేతులు కిరసనాయిలుతో కడుక్కుని గ్రంథాలయానికి పోయేవాణ్ని. మోటారు ఇంజన్ల గురించి అక్కడ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు ఒక పేజీ చొప్పున, రెండేళ్లలో దాన్ని పూర్తి చేశాను. బొమ్మలన్నీ నోటుపుస్తకంలోకి దించుకున్నాను. షెడ్డులో నన్ను 'పుస్తకాలయ్యోరు' అనేవారు. వెక్కిరింపే. నాకు మాత్రం బిరుదులా ఉండేది.

నాదముని మేస్త్రీకి అక్షరం రాదు. యాభై దాటిన మనిషి. నోట్లో ఎప్పుడూ ఆకువక్క. ఆయన దగ్గరికి జిల్లా నలుమూలల నుంచీ పాత పెట్రోలు వ్యాన్లు వచ్చేవి. ఆ వ్యాన్లలో ఇంజను ముందు ఉండదు. డ్రైవరు సీటు పక్కన, ఇనుప మూత కింద ఉంటుంది. మూత తీస్తే, లోపల పెట్రోలును వెలిగించే ప్లగ్గులు ఐదు కనబడతాయి. ఆరోది కనబడదు. అది వెనకగా, నేలరేకు కిందికి పోయి ఉంటుంది. సీటు మీద బోర్లా పడుకుని, మోచేతి దాకా చెయ్యి దూర్చి, తడుముకుంటూ విప్పాలి, తడుముకుంటూనే బిగించాలి. మేస్త్రీ కళ్లు మూసుకుని ఆ పని చేసేవాడు. ప్లగ్గు మర దాని గాడిలో నేరుగా కూర్చోవాలంటే మొదటి మూడు చుట్లు ఒట్టి వేళ్లతోనే తిప్పాలని ఆయన నియమం. ఆ తరువాతే పానా.

ఆయనకు ఇంకొక నియమం ఉండేది. పని అయిపోయి మూత వేశాక, ఆకులకు రాసుకునే సున్నం వేలితో తీసి మూత అంచు మీద అడ్డంగా ఒక గీత గీసేవాడు. సగం మూత మీద, సగం కింది రేకు మీద పడేది. గీత పడిందంటే ఆ ఇంజనుకు ఆయన జవాబుదారీ. దాన్ని చెరపకుండా మూత తీయడం ఎవరి వల్లా కాదు. ఆ గీత పడ్డాక షెడ్డులో ఎవరూ మూత ముట్టేవాళ్లు కాదు.

ఆ రోజు వచ్చింది పలమనేరుకు జనాన్ని తిప్పే వ్యాను. ఐదు ప్లగ్గులు నేను మార్చాను. పుస్తకంలో చెప్పినట్టు, కొత్తవే అయినా ఒక్కొక్కదాని మొన దగ్గర నిప్పురవ్వ దూకే సందును సన్నని కొలతరేకుతో కొలిచి మరీ పెట్టాను. ఆరోది మేస్త్రీ అందుకున్నాడు. కొలవలేదు. బొటనవేలి గోరు ఆ సందులో ఒకసారి ఆడించి, "సరిగ్గానే ఉండాది" అని దూర్చేశాడు. కొలవమని చెప్పాను. లోపల చెయ్యి తిప్పుతూనే నవ్వాడు.

"ఏం పుస్తకాలయ్యోరూ, ఈడికి చెయ్యి పోయే దోవ మీ బుక్కులో రాసిండారా?"

అందరూ నవ్వారు. ఆయన మూత వేసి, గీత గీసి, అన్నానికి ఇంటికి పోయాడు. మిగతావాళ్లు క్యారియర్లు తీసుకుని వెనక కుళాయి దగ్గరికి పోయారు. మేస్త్రీ ఆకుల పెట్టె, సున్నంతో సహా, బల్ల మీదే ఉంది.

నేనెందుకు మూత తీశాను? ఇంజను బాగుండాలనా? చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆ సందు తప్పుగా ఉందని తేలితే, ఆయన తిరిగి వచ్చేసరికి ప్లగ్గునూ కొలతరేకునూ పక్కపక్కన పెట్టి చూపించాలని తీశాను. అక్షరం రాని మనిషి కంటే నాకెక్కువ తెలుసని పదిమందిలో అనిపించుకోవాలని తీశాను.

ప్లగ్గు విప్పి కొలిచాను. సందు సరిగ్గా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇక తిరిగి పెట్టాలి. వేళ్లు అందలేదు. పొడుగు పానాకు తగిలించి లోపలికి దించి తిప్పాను. మొదటి చుట్టు పోయింది. రెండో చుట్టులో ఇసుక నమిలినట్టు చేతికి తెలిసింది. మర అడ్డం పట్టిందని, అంటే గాడి తప్పి వంకరగా దిగుతోందని అర్థమైంది. పుస్తకంలో ఆ పేజీ కూడా చదివినవాణ్నే, అప్పుడు ఆపి వెనక్కి తిప్పి తీయాలని తెలుసు. కానీ తీస్తే మళ్లీ పెట్టలేనేమో, ఈలోగా మేస్త్రీ వస్తాడేమో అని, ఇంకా బలంగా బిగించాను. మూత వేశాను. గీత తుడుచుకుపోయి ఉంది. ఆకుల పెట్టె తెరిచి, సున్నం తీసుకుని, ఆయన గీసినట్టే నేను గీశాను.

ప్లగ్గు చెడగొట్టడం పొరపాటు. ఆ గీత పొరపాటు కాదు.

నాలుగో రోజు వ్యాను మొగిలి ఘాటురోడ్డు ఎక్కుతుండగా, రెండో మలుపులో ఆ ప్లగ్గు మరలతో సహా ఊడి నేలరేకుకు కొట్టుకుంది. మూత కింద నుంచి తన్నిన వేడికి డ్రైవరు మునిరత్నం ఎడమ పిక్క కాలింది. బండి వెనక్కి దొర్లింది. లోపల పద్నాలుగు మంది. కాలు కాలుతున్నా అతను బ్రేకు వదల్లేదు. జనం దూకి చక్రాల వెనక రాళ్లు వేశారు. అక్కడికి బారెడు దూరంలో లోయ.

మరునాడు కట్టు కట్టిన కాలితో మునిరత్నం షెడ్డుకు వచ్చి, గుడ్డలో చుట్టిన ప్లగ్గును బల్ల మీద పెట్టాడు.

"సూడు మేస్త్రీ. అడ్డం మర. నీ పనేనా ఇది?"

మేస్త్రీ ప్లగ్గు మర మీద బొటనవేలు తిప్పి చూశాడు. "మూత యాడన్నా తీసినారా?"

"నేను తీయలేదబ్బా. నీ సున్నం గీత నిన్న పొద్దున కూడా చెక్కుచెదరకుండా ఉండింది. తీసుంటే గీత ఉంటాదా?"

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "ఏమప్పా, నేను అన్నానికి పొయినాక నువ్వేమన్నా ముట్టినావా?"

అనుమానంతో అడగలేదు. నేను అవునంటానేమో అని ఆశగా అడిగాడు. ఆ చూపు నాకు అప్పుడే అర్థమైంది.

"లేదు మేస్త్రీ," అన్నాను.

ఆయన తన కుడిచెయ్యి వెల్లకిల తిప్పి కాసేపు చూసుకున్నాడు. "అట్లయితే ఈ వేళ్లే తప్పినాయి," అన్నాడు. మునిరత్నం ప్లగ్గును మళ్లీ గుడ్డలో చుట్టుకుని కుంటుకుంటూ వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరువాత ఆయన ఆరో ప్లగ్గు ముట్టలేదు. నన్ను సీటు మీద పడుకోబెట్టి, నా చేతి మీద చెయ్యి వేసి నేర్పించాడు. ప్లగ్గుకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి దించమన్నాడు. ముందు వెనక్కి తిప్పమన్నాడు, టక్కుమని మర కూర్చున్నాకే ముందుకు తిప్పమన్నాడు. ఇవి నేను చదివిన పుస్తకంలో లేవు. అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాడు. ఏడాది తిరిగేలోగా షెడ్డు మానేసి, చెరకు పొలం చూసుకుంటానని ఐరాల వెళ్లిపోయాడు. ఆరో ప్లగ్గుకు జనం నన్ను వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఆ పేరుతోనే తిరుపతిలో సొంత షెడ్డు పెట్టుకున్నాను.

ఒకసారి చెప్పేయాలని ఐరాల వెళ్లాను. ఆయన భార్య చెంగమ్మ అన్నం పెట్టింది. మేస్త్రీ నీళ్ల చెంబు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. చెయ్యి వణకడం లేదు. వణుకుతుందని నమ్మేశాడు, అంతే. నేను ఎదురుగా కూర్చుని మజ్జిగన్నం తిని, బస్సెక్కి వచ్చేశాను. మూడేళ్ల కిందట ఆయన పోయాడు.

క్షమించమని ఎవరిని అడగను? అడగడం లేదు. జరిగింది జరిగినట్టు రాశాను. రాస్తుంటే చెయ్యి తేలికపడింది. ఆ తేలిక కూడా నాకు దక్కవలసినదేనా అంటే, తెలియదు.

ఇంతవరకు రావడానికి సాయపడిన వాళ్ల పేర్లు రాయాలి. గ్రంథాలయంలో నాకు నిఘంటువు చూడడం నేర్పిన సుబ్బరామయ్య గారికి కృతజ్ఞతలు. నా గర్వంలో ఆయన తప్పేమీ లేదు. కాలు కాలుతున్నా బ్రేకు వదలని మునిరత్నానికి కృతజ్ఞతలు. ఆ పద్నాలుగు మందీ బతికి ఉండడం అతని పుణ్యం, నా పుణ్యం కాదు. ఇది మొదట చదివిన నా భార్య కస్తూరికి కృతజ్ఞతలు. 'పోనీలే' అంటుందనుకున్నాను. అనలేదు. ఐరాలకు ఎప్పుడు పోతున్నావని మాత్రం అడిగింది. రేపు పొద్దున మొదటి బస్సుకు పోతున్నాను. చెంగమ్మకు చదవడం రాదు కనుక నేనే గట్టిగా చదివి వినిపించాలి. ఆ రోజు ఆమె పెట్టిన అన్నానికి కూడా కృతజ్ఞతలు. ఇంకొక నకలు చిత్తూరు షెడ్డుకు ఇస్తాను. అక్కడ పుస్తకాలయ్యోరు అనిపించుకున్నవాడు ఒక్కడే, వాడి అసలు పేరు వాళ్లకు తెలుసు.

ఇక, నాకు చేతిపని నేర్పిన నాదముని మేస్త్రీకి. మేస్త్రీ, మూత తీసింది నేను. గీత గీసింది నేను. నీ వేళ్లు తప్పలేదు.