కంప అడ్డం పెట్టిన ఊరు

దేవానందం సర్వే ఖలాసీ. గొలుసు లాగడం, జెండాకర్ర పట్టుకోవడం, సారు అడిగినదానికి జవాబు చెప్పడం ఆయన పని. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గది, తొమ్మిదేళ్లుగా టెంపరరీ కొలువు. 1969లో ఎట్టకేలకు పర్మినెంటు జాబితాలో పేరెక్కింది. పెద్దసారు సంతకమే తరువాయి.

ఆ మార్చిలో అబ్దుల్లాపూర్‌మెట్ అవతల గుట్టల అంచుకు పటం గీస్తున్నారు. ఒక గుట్ట కింద ఆరు గుడిసెలు, గుమ్మాలకు అడ్డంగా తుమ్మకంపలు. వాకిట్లో పొయ్యిలు చల్లారి ఉన్నాయి, మనిషి జాడ లేదు. ఎండ మాడుస్తోంది.

"పాడువడ్డ ఊరు సార్" అన్నాడు దేవానందం.

గుంటూరు నుంచి వచ్చిన సర్వేయరు రామమోహనరావు అలాగే రాసుకున్నాడు. పాడుబడ్డ ఊరికి ఆ పటంలో పేరు వేయరు. పేరు లేని ఊరు బాట కావాలన్నా, బావి కావాలన్నా వినే నాథుడుండడు.

పదిరోజులకు ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో నగరంలో బంద్. భార్య రెబెక్క తుర్కయంజాల్‌లోని పుట్టింటికి బయలుదేరుతూ, తాళం పాడైందని గది తలుపుకు తుమ్మకంప అడ్డం పెట్టింది. అది చూడగానే దేవానందానికి ఆ గుట్ట గుర్తొచ్చింది. ఆ ఆరు గుడిసెలకూ కంపలున్నాయి. తిరిగి వచ్చేవాళ్లే కంప పెడతారు. పల్లెలో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా? నాకైతే ఆయన మీద జాలికన్నా కోపమే ఎక్కువ.

బస్సులు లేవు. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న చేలను దాటి గుట్టదాకా నడిచాడు. జనమంతా గుట్ట వెనక జొన్న కళ్లం దగ్గర ఉన్నారు.

"ఏటా గింతే బిడ్డా. నూర్పిళ్లయినంక ఇండ్లకు వస్తం" అంది అండాలమ్మ అనే ముసలామె. అంబలి పోసింది. ఊరి పేరు తునికిగూడ అని చెప్పింది.

రామమోహనరావు అంతా విన్నాడు. "తప్పు చెప్పానని నువ్వు రాసిస్తే గానీ దిద్దడం కుదరదయ్యా. ఆ కాగితం నీ ఫైల్లోకి వెళ్తుంది. పర్మినెంటు సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించిన సార్. రాయుండ్రి, సంతకం వెడ్త."

ఊరంతా ఉద్యోగాల కోసం రోడ్డెక్కిన రోజుల్లో ఈయన నోటికాడి ముద్ద తనే తీసేసుకున్నాడు.

పటం అచ్చయ్యేసరికి రెండేళ్లు పట్టింది. దేవానందం ఇంకా టెంపరరీయే. మరకపడి పక్కన పడేసిన ప్రతిని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

"నీ పర్మినెంటు యాడుందయ్యా గీ పటంల?" అంది రెబెక్క.

గుట్ట కింద తునికిగూడ అన్న పేరు, దాని పక్కన ఆరు నల్లచుక్కలు ఉన్నాయి. దేవానందం వాటి మీద వేలు పెట్టాడు.

"గీ మొదటిది అండాలమ్మ ఇల్లు. నాకు అంబలి వోసింది."