రోసమ్మ చోట నిలబడ్డవాళ్ళు

జీవరాజు గురించి చెప్పమంటే చిలకలగూడలో ఎవరైనా ముందు అతని గొంతు గురించే చెబుతారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మా గల్లీ చివరిదాకా వినిపించేది. నేను మాత్రం అతని మొండితనం గురించి చెబుతాను. మాకూ వాళ్ళకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. వాళ్ళింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములు. మా ఆయనది రైల్వేలో పని, జీవరాజుది బట్టల మిల్లులో. అతని భార్య రోసమ్మ కూడా అదే మిల్లులో కండెలకు దారం చుట్టేది.

రోసమ్మది ఒంగోలు వైపు. ఎన్నేళ్ళున్నా ఈ ఊరి మాట ఆమెకు అంటలేదు. నేను ‘ఏందీ’ అంటే ‘ఏమిటక్కా’ అని దిద్దేది. ‘పోవే, నీ ఒంగోలు ముచ్చట ఒంగోల్లనే పెట్టుకో’ అని నేను కసిరేదాన్ని. ఆమె నవ్వుతూ గోంగూర పచ్చడి గిన్నె గోడ మీంచి అందించేది. పిల్లల్లేరు. ఆ బాధ ఎప్పుడూ నోట రానివ్వలేదు, నేనూ అడగలేదు.

మిల్లు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. గేటు దగ్గర చెక్క పలక మీద పనివాళ్ళకు తలా ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళు తమ బిళ్ళ తీసుకుని లోపలికి పోతారు. బిళ్ళ పలక మీదే ఉండిపోతే ఆ రోజు మనిషి రానట్టు. వరసగా కొన్నాళ్ళు అలాగే ఉంటే పని ఊడినట్టు.

రజాకార్ల రోజుల్లో మిల్లువాళ్ళు చాలామంది ప్రాణభయంతో బెజవాడకో షోలాపూరుకో పారిపోయారు. పోలీసు చర్య అయ్యాక ఇంకొందరు, ఈసారి తురకలు, ఇల్లు దాటి బయటికి రాలేదు. ఆ రెండుసార్లూ ఆ బిళ్ళలు పలక మీద ఉండిపోకుండా చూసింది జీవరాజే. తన షిఫ్టు అయిపోగానే ఇంకొకరి బిళ్ళ తీసుకుని మళ్ళీ లోపలికి పోయేవాడు. ఇంకో పదిమంది చేత అదే చేయించాడు. హాజరు గుమాస్తా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ‘నీ పాణం మీదికి ఎందుకు తెచ్చుకుంటవ్’ అని నేను తిడితే, “ఒకరి జాగల ఒకరు నిలవడకపోతే ఇంక మనమెందుకు వదినె?” అన్నాడు. అందరూ తిరిగొచ్చేసరికి ఎవరి పని వాళ్ళకు ఉంది. అప్పటి నుంచీ మిల్లులో అదే ఆనవాయితీ అయింది. ఎవరైనా మంచాన పడితే వాళ్ళ బిళ్ళ మీద మిగతావాళ్ళు వంతులేసుకుని నిలబడేవాళ్ళు. అందుకే జీవరాజు మాటంటే మిల్లులో వేదవాక్కు.

యాభై ఐదులో కార్మికుల బీమా వచ్చింది. జీతంలోంచి కొంత కోస్తారట, జబ్బు చేస్తే వైద్యం ఉచితమట, ఆసుపత్రిలో పడుకోవడానికి పక్క కూడా ఇస్తారట. కోత అనగానే మిల్లువాళ్ళు భగ్గుమన్నారు. బ్రహ్మచారి అనే యూనియన్ పెద్దకు గుండెల్లో రాయి పడింది. ఆయన మున్సిపాలిటీ ఓట్లలో నిలబడబోతున్నాడు, బీమా తెచ్చింది మేమేనని ఊరంతా చాటుకున్నాడు. హైదరాబాదు రాష్ట్రం ఉంటుందా ముక్కలవుతుందా అని పేపర్లలో గోల ఒకపక్క, ఇది ఇంకోపక్క. పరుగెత్తుకుని జీవరాజు దగ్గరికే వచ్చాడు. జీవరాజు సీతాఫల్‌మండి నుంచి చిలకలగూడ దాకా గడప గడపా తిరిగి అందరినీ ఒప్పించాడు. అతను నమ్మాడు కాబట్టే నమ్మించగలిగాడు, అది మాత్రం నిజం.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా! బీమా మొదలైన రోజునే మిల్లులో ఉన్న చిన్న మందుల గదికి తాళం పడింది. కొత్త దవాఖానాకు బల్లలు వచ్చాయి, కుర్చీలు వచ్చాయి, మందులు రాలేదు. పెద్దాసుపత్రికి పోతే, ‘మిల్లువాళ్ళకు వేరే ఏర్పాటైంది, బీమా దవాఖానా నుంచి చీటీ తెండి’ అని వెనక్కి పంపేవాళ్ళు. గల్లీలో జీవరాజు కనిపిస్తే చాలు, జనం చుట్టుముట్టేవాళ్ళు. “జెర ఓపిక పట్టున్రి, షురూల గిట్లనే ఉంటది” అని అందరికీ సర్దిచెప్పేవాడు.

అప్పుడే రోసమ్మ మంచాన పడింది.

ముందు జ్వరం, దగ్గు. తర్వాత ఊపిరి తీస్తే పక్కలో పొడుస్తోందని మెలికలు తిరిగేది. బజారు డాక్టరు చూసి, ఊపిరితిత్తి పక్కన నీరు చేరింది, ఆసుపత్రిలో పెట్టి తీయాల్సిందే, ఆలస్యం చేయొద్దన్నాడు. ఆమెకు కావలసింది ఒక్క పక్క. దానికి బీమా దవాఖానా చీటీ కావాలి. చీటీకి మిల్లు నుంచి కాగితం రావాలి. జీవరాజు రోజూ దవాఖానాకు పోయేవాడు, అక్కడి గుమాస్తా రోజూ ‘మిల్లు కాగితం రాలేదు’ అనేవాడు. అందరికీ అదే మాట చెబుతున్నారు కాబట్టి ఇదీ ఆ గందరగోళంలో భాగమే అనుకున్నాం.

ఈలోగా మిల్లు ఆడవాళ్ళు ఊరుకుంటారా? రోసమ్మ బిళ్ళ ఒక్కరోజు కూడా పలక మీద ఉండనివ్వలేదు. అందరికన్నా ఎక్కువగా నిలబడింది కమలాబాయి, మొగుడు లేని మనిషి, నోరు పెద్దది, గుండె ఇంకా పెద్దది. జీవరాజు వాళ్ళకు గట్టిగా చెప్పాడు కూడా: “హాజరు తప్పితే జీతం ఉండదు, జీతం లేకుంటే బీమా సుత పోతది. బిళ్ళ పడనియ్యకున్రి.” అతనికి తెలిసింది అదే. ఇన్నేళ్ళూ అలా చేసే కదా అందరినీ కాపాడుకున్నాడు!

ఒకరోజు దవాఖానా గుమాస్తా విసుగెత్తి అసలు మాట చెప్పేశాడు. “మీ ఆమె రోజూ మిల్లుకు వస్తోందని మిల్లువాళ్ళే చెబుతున్నారయ్యా. పనిలో ఉన్న మనిషికి ఆసుపత్రి పక్క ఎలా ఇస్తారు?”

జీవరాజు ఇంటికొచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. నీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడే గాని తాగలేదు. “నేనే వదినె. నేనే పడనియ్యకున్రని చెప్పిన,” అన్నాడు.

బ్రహ్మచారికి కబురు చేస్తే వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

“ఇప్పుడు బైటపెట్టకు జీవరాజూ. ఇంతకుముందే జబ్బని అర్జీ పెట్టినవ్, మిల్లుల హాజరున్నది. ఇప్పుడు బిళ్ళ ఆపినా పాత లెక్కలు తీస్తరు, తీస్తే నిలవడ్డ ఆడోళ్ళందరి నౌకరీలు పోతయ్. మిల్లు సేట్లు ఏమంటరు? కూలోళ్ళు దొంగ హాజరు ఏసుకుంటున్రు, గీళ్ళకు బీమా ఎందుకంటరు. వచ్చే వారం మంత్రిగారు దవాఖాన సూడనీకి వస్తున్నడు. గా ముచ్చట అయిపోనీ. నేనే మాట్లాడి పక్క ఇప్పిస్త.”

“మీ మంత్రి వచ్చేదాకా ఆమె ఊపిరి నిలుస్తదా?” అని నేను గయ్యిమన్నాను. ఆయన నావైపు చూడలేదు. చెడ్డవాడని అనలేను, ఆయన కళ్ళల్లో భయం నాకు కనిపిస్తూనే ఉంది. కానీ ఆ భయం ఓట్ల గురించి. మా భయం మనిషి గురించి.

జీవరాజు లేవబోయాడు, పోయి నిజం చెప్పేస్తానన్నాడు. లోపలి నుంచి రోసమ్మ పిలిచింది. గోడకు చేరగిలబడి కూర్చుంది, పడుకుంటే ఊపిరాడదు.

“వద్దండీ. నా కోసం నిలబడినవాళ్ళ నోటికాడ కూడు తీయకండి. కమలాబాయికి ఎవరున్నారు? వారమేగా, ఓర్చుకుంటాను.”

“రోసమ్మా, నీకు తెలుస్తలేదు...”

“నాకు తెలుసండీ. నా మీద ఒట్టు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంతటి మొండివాడు ఆ ఒట్టుకు కట్టుబడిపోయాడు. నాకు ఇప్పటికీ కోపమే. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. అంత మంచితనం ఎవరికి కావాలి తల్లీ!

మంత్రి రాక ఇంకో వారానికి వాయిదా పడింది. రోసమ్మకు పెదవులు నల్లబడ్డాయి. ఇక నాకు ఓపిక చచ్చిపోయింది. ఒట్టు జీవరాజుకు గానీ నాకు కాదు. నేనే పోయి కమలాబాయికి అంతా చెప్పాను.

“హాయ్ రే దేవా! నేను నిలవడుడే ఆమెను సంపుతున్నదా?” అని ఆమె నెత్తి కొట్టుకుంది. మర్నాడు పొద్దున్న మిల్లు గేటు దగ్గర రోసమ్మ బిళ్ళ చూపించి అందరి ముందూ అరిచింది: “ఈ బిళ్ళ మనిషి మంచం మీదున్నది. ఇన్ని దినాలు ఆమె జాగల నిలవడ్డది నేనే, నేనొక్కదాన్నే. రాసుకో, నన్ను తీసెయ్, ఆమెకు కాగితం రాయి!” ఆనాడే కమలాబాయి పని పోయింది. మిగతా ఆడవాళ్ళ పేర్లు ఆమె నోట రాలేదు. అప్పుడు తీరిగ్గా మిల్లు కాగితం వచ్చింది, చీటీ వచ్చింది, ఆసుపత్రిలో పక్క వచ్చింది.

రిక్షాలో నేనూ వెంట పోయాను. డాక్టరు చూసి, ఇన్నాళ్ళు ఏం చేశారని కేకలేశాడు. నీరు తీశారు, చీము పట్టిందన్నారు. రెండు రోజులు అలా గడిచాయి.

చివరి సాయంత్రం రోసమ్మకు కాస్త తెలివొచ్చింది. జీవరాజు చెయ్యి పట్టుకుని, “ఇవాళ నా చోట ఎవరు నిలబడ్డారండీ?” అని అడిగింది.

“కమలాబాయి,” అన్నాడు, ఆమె పని పోయిన సంగతి దాచిపెట్టి.

“పాపం. తర్వాత ఆమెకు ఏదైనా పెట్టండి,” అంది. ఆ రాత్రే పోయింది.

సమాధుల దొడ్డిలో పాట ఎత్తుకోమని పాదిరిగారు జీవరాజునే అడిగారు. పాడాడు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. మేమంతా ఏడ్చాం, అతను మాత్రం మట్టి సర్దుతూ నిలబడ్డాడు.

ఓట్లు ముంచుకొచ్చాయి. బీమా కోత వద్దని మిల్లువాళ్ళు గేటు ముందు కూర్చున్నారు. బ్రహ్మచారి మళ్ళీ వచ్చాడు. “నువ్వు చెప్తేనే ఇంటరు. పథకం ఆగిపోతే ఇంక ఎన్నడు సుత రాదు. నన్ను తిట్టు, కానీ ఒక్క మాట చెప్పు,” అన్నాడు. వెళ్ళొద్దని నేనన్నాను. సిగ్గుండాలి అడగడానికి అని కూడా అన్నాను, ఆయన వింటుండగానే. జీవరాజు చొక్కా వేసుకుని బయల్దేరాడు.

గేటు ముందు బల్ల మీద నిలబడ్డాడు.

“బీమా మంచిదే. ఇడిసిపెట్టకున్రి. మా రోసమ్మకు పక్క దొరికింది, డాక్టర్లు సూసిన్రు. జెర ముందు దొరికుంటే...” అని ఆగాడు. “ఒక్క మాట ఇనున్రి. ఇగ మీదికెంచి ఎవరికన్నా పాణం బాగలేకపోతే, వాళ్ళ బిళ్ళ ముట్టకున్రి. వాళ్ళ జాగల నిలవడకున్రి. నేనే నిలవడుమన్న. నేనే వద్దంటున్న.”

చప్పట్లు కొడదామని చేతులెత్తిన బ్రహ్మచారి మనుషులు ఆ చేతులు దించుకున్నారు. జనం లేచి ఒక్కొక్కరే లోపలికి పోయారు.

ఆ సాయంత్రం నేను గోడకివతల బియ్యం ఏరుతూ కూర్చున్నాను. రోసమ్మ పోయిన రోజు కూడా ఏడవని మనిషి అవతల వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. పోయి పలకరిద్దామని లేచి గడప దాకా పోయాను. అక్కడే కూర్చుని నేనూ ఏడ్చాను.