అంచు మీద రాతలేని రీలు

నా పేరు గంగామణి. వయసు డెబ్బై రెండు. ఊరు బోధన్. ఇంట్లో నేను, కొడుకు, కోడలు లావణ్య. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మా ఆయన ఫోటో స్టూడియో నడిపిన ముప్పై ఏళ్లూ చీకటి గదిలో రీళ్లు కడిగింది నేనే. కాబట్టి మళ్లీ రీలు కెమెరా పట్టుకుని, కడిగించే చోటు వెతుక్కుంటూ నిజామాబాద్ బయలుదేరేవాళ్లు నా మాట వినండి.

పెట్టెలో పడి ఉన్న కెమెరాను ఈ ఏడు బయటికి తీయించింది మా అక్క రాజవ్వ. కాలువ కింద ఆమెకు ఎకరన్నర చెరకు తోట ఉండేది. ఈ కోతతో చెరకు మానేసి వరి వేస్తానంది. "నలభై ఏండ్లు చెరకుల తిరిగిన. తోటల నాదొక్క ఫోటో లేదు" అంది. కోడలు ఆన్‌లైన్‌లో రెండు నలుపు-తెలుపు రీళ్లు తెప్పించింది. కోతకు ముందు రోజు రెండూ అక్క మీదే తీశాను. మర్నాడు చెరకు కొట్టేశారు. ఇక ఆ ఫోటోలు మళ్లీ తీయడం ఎవరి వల్లా కాదు.

మొదటి రీలును నిజామాబాద్ వెళ్లే తెలిసినవాళ్ల చేతికిచ్చి, బస్టాండు దగ్గరి ఒక షాపుకు పంపాను. వారం తర్వాత ఖాళీగా తిరిగొచ్చింది. ముసలామె కెమెరా మూత తీయకుండా నొక్కి ఉంటుందని షాపువాడు అన్నాడట. కోడలు నా చేతుల వంక చూసింది. నేను రీలును కిటికీ వెలుగుకు ఎత్తి చూశాను. బొమ్మలు లేవు సరే, అంచు మీద రాత కూడా లేదు. తయారుచేసేవాళ్లు ప్రతి రీలు అంచునా అక్షరాలు, అంకెలు ముందే వెలుగుతో వేసి పంపుతారు. మూత తీయకపోయినా, సరిగ్గా కడిగితే అవి తేలాలి. అక్షరాలు చదవడం నాకు రాదు, ఉన్నాయో లేవో మాత్రం తెలుస్తుంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా. పొద్దుటి బస్సులో ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు, రీలుకు వేడి పడదు. రెండో రీలు డబ్బాను రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే కండక్టర్ నవ్వాడు.

"ఏందవ్వా, గా డబ్బల ఎవరున్నరు?"

"మా అక్క ఉన్నది. జర మెల్లగ తోలుమను."

గంటలో బస్టాండులో దిగాను. షాపు అప్పుడే తెరిచారు. ఖాళీ రీలు బల్ల మీద పెట్టాను.

"మూత తీయకుంటే గిట్లనే వస్తదవ్వా" అన్నాడు షాపువాడు.

"తీయలేదనుకో బిడ్డా. మరి అంచున రాత ఏమాయె? గది గూడ నేనే మూసిన్నా?"

అతను రీలును ట్యూబ్‌లైటుకు పెట్టి రెండు వైపులా తిప్పి చూశాడు. నేనే అడిగాను.

"ఏ మందుల ముంచినవ్?"

"మెషిన్ల ఏసిన... కలర్ మెషిన్ల."

"నలుపు-తెలుపు రీలును రంగు మందుల ఏస్తే బొమ్మంత కొట్కపోతది. ముప్పై ఏండ్లు కడిగినదానికి మూత తీసుడు నేర్పుతవా?"

"తప్పైందవ్వా. గసువంటి రీలు రాక ఏండ్లయింది, చూసుకోలే. పైసలు వాపస్ ఇస్త."

"పైసలిస్తే చెరకు మొలుస్తదా? చేతితోని కడిగెటోడు ఎవడన్న ఉన్నడా, గది చెప్పు."

అదే ఊళ్లో కంఠేశ్వర్‌లో సలీం ఉన్నాడని చెప్పాడు. ఆటోకు ఇరవై రూపాయలు. సలీం ఒకప్పుడు స్టూడియోలో పనిచేసినవాడు, ఇప్పుడు ఇంట్లోనే, స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి కడుగుతున్నాడు. రీలుకు మూడు వందలు, కడిగి ఆరబెట్టేదాకా రెండు గంటలు. ఇచ్చే ముందు అడిగాను.

"మందు ఎప్పుడు కలిపినవ్?"

"పొద్దుగాల్నే అమ్మా. సల్లటి నీళ్లల్ల పెట్టిన."

రీలు ఇచ్చాను, కానీ ఊరికే కూర్చోలేదు. చీకట్లో గడియారం కనపడదు కాబట్టి, మా ఇంట్లో నేను లోపల కడుగుతుంటే మా అత్త గడప బయట బీడీలు చుడుతూ, ఒక్కోటి కాగానే లెక్క అరిచేది. పదహారు అనగానే రీలు మందులోంచి తీసేదాన్ని. ఇప్పుడు సలీం ఇంట్లో ఆకు, తంబాకు ఉన్న బీడీల చాట అడిగి ముందు పెట్టుకుని నేను గడప బయట కూర్చున్నాను. పదమూడో బీడీ కాగానే లోపల సలీం ఫోనులో పెట్టుకున్న గంట మోగింది.

"టైమైంది అమ్మా, తీస్తున్న!"

"తీయకు! నాయి ఇంక మూడున్నయి."

"ఫోనుకన్న నీ బీడీలు ఎక్కువనా?"

"ఎక్కువే!"

ఆగాడు పాపం. రీలు బయటికి వచ్చాక ముందు అంచు చూశాను, రాత నిండుగా ఉంది. దాని పక్కన చెరకు గెడలు, గెడల నడుమ మా అక్క, కొడవలితో, చీర ఎగగట్టి.

"జర ముదిరింది అమ్మా" అన్నాడు సలీం. నిజమే, మందులో ఎక్కువసేపు ఉంది. మా అత్త వేళ్ల వేగం నా వేళ్లకు లేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మూత తీయలేదన్న తప్పు మాత్రం ఒప్పుకోను.

నాలుగింటి బస్సులో తిరిగొచ్చి నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. సలీం కోసిచ్చిన నెగటివ్ ముక్కల్లో ఒకదాన్ని అక్క వాకిట్లో వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏందే గంగూ, నా ఎంటికలు గింత నల్లగున్నయి?"

"నెగటివ్ గదా అక్కా, తెల్లయి నల్లగ గొడ్తయి. పైంగ నేను జర ముదరబెట్టిన. ప్రింటుల తెల్లగనే వస్తయి."

"అయితె నాకు ప్రింటు వద్దు. గిదే ఇయ్యి."

ముప్పై ఏళ్లు నెగటివ్‌లు కడిగాను, అన్నీ ప్రింటు కోసమే అనుకుంటూ. ఫోటో అంటే ప్రింటే అనుకున్నాను. తోటలో తిరిగిన కాళ్లు, నిలబడిన చెరకు, నల్లటి జుట్టు, అక్కకు కావలసినవన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. ఆ ముక్కను ఆమె గోడకున్న అద్దం మూలన దోపుకుంది. మీకు ఒక్క మాట: ప్రింట్లు వచ్చాయి కదా అని నెగటివ్‌లను షాపులో వదిలేసి రాకండి, అడిగి తెచ్చుకోండి.

చదివించుకుని విన్నాను, నేను చెప్పినట్టే ఉంది. గంగామణి ఎడమ బొటనవేలి గుర్తు. సాక్షులు: రాసిన కోడలు లావణ్య సంతకం, అక్క రాజవ్వ వేలిముద్ర.