ఊ కొట్టేవాళ్ళు లేని కథ

ఎనభైల మొదట్లో మేం మిషిగన్‌లో కాపురం పెట్టినప్పుడు, మా పై అంతస్తులో ఒక పశ్చిమ ఆఫ్రికా కుర్రాడు ఉండేవాడు. చదివేది ఇంజనీరింగే కానీ, వాళ్ళది తరతరాలుగా వీరుల కథలు పాడే వంశం. నన్ను "సిస్టర్" అని పిలిచేవాడు. నా పప్పుచారు తాగి, ఇందులో కారమే లేదని వెక్కిరించిన మనిషి నా జీవితంలో అతనొక్కడే.

యూనివర్సిటీలో జానపద గాథలు సేకరించే ఒక ప్రొఫెసర్ అతన్ని శనివారం సాయంత్రం తమ వీరగాథ ఒకటి పాడమన్నాడు. బాగా పాడితే వచ్చే సెమిస్టర్ నుంచి ఆయన దగ్గర అసిస్టెంట్‌షిప్, దాంతో ఫీజులు గడిచిపోతాయి. లేకపోతే చదువు వదిలేసి ఇంటికి వెళ్ళిపోవడమే, వేరే దారి లేదు.

వాళ్ళ పద్ధతిలో పాడేవాడి పక్కన ఇంకొకడు కూర్చుని, మాటమాటకీ "అవును", "నిజం" అంటూ బదులివ్వాలి. మన బుర్రకథలో వంతలాగే అనుకోండి. ఆ పని చేయాల్సిన అతని పెదనాన్న కొడుకు దారిలో మంచులో ఇరుక్కుపోయాడు. దాంతో, మా ఆయనా నేనూ హాల్లో కూర్చుని చూస్తుండగా, పాపం తన తీగల వాద్యం పట్టుకుని ఒక్కడే స్టేజీ ఎక్కాడు.

అమెరికన్లకి మర్యాదంటే నోరు మూసుకోవడం. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టు కూర్చున్నారందరూ. ఊళ్ళు దోచుకునే రాజు మీదికి ఒక వేటగాడు జనాన్ని కూడగట్టుకుని బయల్దేరిన కథ అది. ఇంగ్లీషులో చెబుతూ, మధ్యలో తన భాషలో పాడుతున్నాడు. కథ వింటూ ఊ కొట్టకుండా ఉండటం నా వల్ల కాదు. మెల్లగా "ఊ" అన్నాను. మా ఆయన నా మోకాలు గిల్లారు.

"ఏయ్, అందరూ చూస్తున్నారు. ఎంబరాస్ చేయకు."

సరే, ఊరుకున్నాను. అక్కణ్ణుంచి అతని గొంతు నీరసపడుతూ వచ్చింది. వేటగాడు జనంతో నది ఒడ్డుకి చేరేసరికి పూర్తిగా ఆగిపోయింది. వేళ్ళు మాత్రం ఒకే తీగని మళ్ళీ మళ్ళీ మీటుతున్నాయి. చివరికి మా వైపు చూసి అడిగాడు.

"మా దగ్గర నాయకుడు ఒంటరిగా అడుగు వేయడు. జనం చెప్పాలి. చెప్పండి, ఈ నది దాటనా?"

ఎవరూ పలకలేదు. భలే నాటకీయంగా ఉందనుకున్నాడేమో, ప్రొఫెసర్ మెచ్చుకోలుగా తలాడించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలా అడుగుతుంటే చెప్పరేం! చీర కింద స్నో బూట్లతో లేచి నిలబడ్డాను.

"దాటు నాయనా, దాటు! మేమున్నాం!" అని తెలుగులోనే అరిచాను.

మా ఆయన ప్రోగ్రాం కాగితంతో మొహం కప్పుకున్నారు. వెనక వరసలోంచి ఒక ముసలావిడ "గో!" అంది. తర్వాత ఇంకెవరో అన్నారు. అతని గొంతు ఒక్కసారిగా లేచింది. వేటగాడు నది దాటాడు, రాజుని కూలదోశాడు. చివరిదాకా హాలంతా మాట కలుపుతూనే ఉంది.

ప్రొఫెసర్ స్టేజీ మీదికే వెళ్ళి చెయ్యి కలిపి, వచ్చే సెమిస్టర్ దాకా ఎందుకు, సోమవారం నుంచే పనిలోకి వచ్చేయమన్నాడు. మేం ముగ్గురం మా కార్‌లోనే ఇంటికి బయల్దేరాం.

"ఆ నది దగ్గర ఎంత బాగా ఆపావయ్యా!" అన్నాను సంబరంగా.

అతను అడ్డంగా తలూపాడు.

"నేను ఆపలేదు సిస్టర్. బదులిచ్చేవాళ్ళు లేక కథంతా మరిచిపోయాను. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. దాటనా అని అడిగింది వేటగాడు కాదు, నేనే."